సొసైటీలో మన పేరేదీ?

పల్లెలో ఊరు ఒక దిక్కు, వాడ ఒక దిక్కు. పట్నం పోతే ఈ గీత చెరిగిపోతుందని మన పిల్లలు మూటాముల్లె కట్టుకొని బస్సెక్కారు. జూబ్లీహిల్స్ పోయి చూడండి. అక్కడా ఊరుంది, వాడ ఉంది. పాలరాతి మెట్లు, ఎత్తు ప్రహరీలు, గేటు దగ్గర యూనిఫారం వేసుకున్న కాపలాదారు - అది ఊరు. దాని వెనకే, అదే గుట్ట రాళ్ళ సందుల్లో, మనిషి పక్కకు తిరిగితేనే నడవగలిగే గల్లీల్లో దుర్గాభవాని నగర్, జ్ఞానీ జైల్ సింగ్ నగర్, దీన్ దయాళ్ నగర్ - అది వాడ. రెండూ కలిపి బయటివాళ్ళకు ఫిల్మ్ నగరే.

ఆ వాడలో ఉండేది ఎవరు? సెట్టింగులు కొట్టే వడ్రంగులు, లైట్లు మోసేవాళ్ళు, జూనియర్ ఆర్టిస్టులు, షూటింగులో అన్నం వడ్డించేవాళ్ళు, నాలుగిళ్ళలో గిన్నెలు తోమి పూట గడుపుకునే మన ఆడవాళ్ళు, పాలమూరు నుంచి, మెదక్ నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చి తట్ట నెత్తిన పెట్టుకున్నవాళ్ళు. తెర మీద రాజుగారి కోట కట్టేది వీళ్ళే. పొద్దుగూకితే పోయి పడుకునేది రేకుల కింద. 2016 జూలైలో ఫిల్మ్ నగర్ కల్చరల్ క్లబ్బు పోర్టికో కడుతుండగానే కూలింది. ఇద్దరు కూలీలు శిథిలాల కింద చచ్చిపోయారు. క్లబ్బులోకి పోను హక్కులేనివాళ్ళు క్లబ్బు కింద పోయారు. నాలుగు రోజులు పేపర్లు రాశాయి, తర్వాత మర్చిపోయాయి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఈ గుట్ట మీద ఊరు ఎట్లా లేచింది? ఎవరి తాతలు సంపాదించి కట్టింది కాదు. 'సొసైటీ' అనే మాటతో లేచింది. 1960లలో జూబ్లీహిల్స్ కోఆపరేటివ్ హౌస్ బిల్డింగ్ సొసైటీ పెట్టారు, సర్కారు భూమి తీసుకున్నారు, ప్లాట్లు పంచుకున్నారు. తర్వాత మద్రాసు నుంచి సినిమా పరిశ్రమను హైదరాబాదుకు రప్పించాలని ఫిల్మ్ నగర్ సొసైటీకి భూమి ఇచ్చారు. సహకార చట్టం పేదోళ్ళ కోసమని పుస్తకంలో రాసి ఉంటుంది. చేతిలో పెన్నున్నవాడు ముందు రిజిస్టర్లో పేరు రాసుకున్నాడు. ఆ రెండు సొసైటీల మెంబర్ల జాబితా తెరిచి, మాలమాదిగల పేర్లు ఎన్ని ఉన్నాయో ఎవరైనా పైకి చదివి వినిపిస్తారా?

సినిమా కూలీలకు కూడా ఒక సొసైటీ వచ్చింది. కార్మికులకు ఇళ్ళు కావాలని పట్టుబట్టిన నటుడు డాక్టర్ ఎం. ప్రభాకర్ రెడ్డి పేరు మీద మణికొండ దగ్గర చిత్రపురి కాలనీ లేచింది. 67 ఎకరాలు. మంచి పనే, కాదనం. కానీ అక్కడా ఏమైంది? సినిమాతో సంబంధం లేనివాళ్ళ చేతికి ఇళ్ళు పోయాయని, అక్రమాలు జరిగాయని కార్మికులే రోడ్డెక్కి అరిచారు. విచారణలు, కేసులు నడిచాయి. లైట్ మోసినవాడికి రిజిస్టర్ చూపించేవాడు లేకపోతే కార్మికుల సొసైటీకి కూడా ఇదే గతి.

ఇది ఒకవైపు. ఇంకోవైపు పోచారం, గాజులరామారం, నాగోలు పక్కన బండ్లగూడ పోయినవాళ్ళు చూసే ఉంటారు - కిటికీలు లేని, రంగు లేని, అంతస్తుల మీద అంతస్తులు లేచి ఆగిపోయిన సిమెంటు టవర్లు. రాజీవ్ స్వగృహ అని 2007లో మొదలైంది. మధ్యతరగతికి బజారు ధర కంటే తక్కువకే ఇళ్ళన్నారు. బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చారు, కట్టడం మొదలుపెట్టారు. ధర పెరిగింది, కొంటామన్నవాళ్ళు వెనక్కి తగ్గారు. ముఖ్యమంత్రులు మారారు, రాష్ట్రమే రెండయింది, టవర్లు మాత్రం కదల్లేదు. అప్పు మీద వడ్డీ పెరిగింది, ఇనుపచువ్వలకు తుప్పు పట్టింది. పదేళ్ళ పైన వేల ఇళ్ళు మనిషి లేక పావురాలకు నిలయమైనాయి. అదే పట్నంలో మనవాళ్ళు పది అడుగుల గదిలో ఆరుగురు పడుకున్నారు.

చివరకు సర్కారు ఏం చేసింది? 2022లో బండ్లగూడ, పోచారం ఫ్లాట్లకు లాటరీ పెట్టింది. బండ్లగూడలో పూర్తయిన ఇంటికి చదరపు అడుగు 3,000 రూపాయలు, పోచారంలో 2,500. వెయ్యి అడుగుల ఇల్లంటే బండ్లగూడలో 30 లక్షలు. పాచిపని చేసే మనిషి ఏ జన్మలో కట్టాలె? సగంలో ఆగిన టవర్లనైతే టవరుకు టవరు గంపగుత్తగా అమ్మజూపింది. మిగిలినవాటికి 2025లో మళ్ళీ నోటిఫికేషన్. మన సొమ్ముతో, మన పేరు చెప్పి తెచ్చిన అప్పుతో కట్టిన ఇళ్ళు, డబ్బున్నవాడి చీటీ లేస్తే వాడికి పోయాయి. 'ఖజానాకు డబ్బు కావాలె' అంటారు. 2023 ఆగస్టులో కోకాపేట భూముల వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఆ డబ్బు చాలక పోచారం ఫ్లాటు అమ్మాలా?

ఇట్లాంటి ఇళ్ళను వేరే దేశాల్లో ఏం చేశారో మనవాళ్ళు తెలుసుకోవాలి. ఐర్లాండ్ అని చిన్న దేశం, ఇంగ్లాండు పక్కన. 2008లో అక్కడి బిల్డర్లు, బ్యాంకులు బొక్కబోర్లా పడ్డాయి. కట్టిన ఇళ్ళు కొనేవాడు లేడు. అక్కడి ప్రభుత్వం 2009లో నామా అనే సంస్థ పెట్టి ఆ బ్యాంకుల పెద్ద పెద్ద బిల్డర్ల అప్పులను తన నెత్తిన వేసుకుంది. దాని చేతికొచ్చిన ఇళ్ళలో కొన్నిటిని మున్సిపాలిటీలకు, గృహ సంఘాలకు ఇచ్చింది. గృహ సంఘమంటే లాభం తీసుకోని సొసైటీ. ఇల్లు సంఘం పేరు మీదనో, సంఘానికి దీర్ఘకాలపు లీజులోనో ఉంటుంది. పేద కుటుంబం తన సంపాదనకు తగ్గ కిరాయి కట్టుకొని ఉంటుంది. ఆ కిరాయి డబ్బులతో రిపేర్లు చేస్తారు. యజమాని మనసు మారిందని రాత్రికి రాత్రి సామాన్లు బయట పారేసేవాడు ఉండడు. వాళ్ళదేం సోషలిజం కాదు. బ్యాంకులను కాపాడటానికే ఆ సంస్థ పెట్టారు. అయినా ఖాళీ ఇంటికీ ఇల్లులేని మనిషికీ ముడివేయవచ్చని అక్కడి సర్కారుకు తోచింది. మన దొరలకు తోచలేదు.

ఎందుకు తోచదు? పల్లెల్లో ఉన్న మనకు ఈ లెక్క కొత్తది కాదు. 2014 ఆగస్టు 15న తెలంగాణ సర్కారు దళిత కుటుంబానికి మూడెకరాలన్నది. ప్రైవేటువాళ్ళ దగ్గర భూమి కొని, దళిత ఆడవాళ్ళ పేరు మీద రాసిస్తామన్నది. కొన్ని వేల కుటుంబాల దగ్గరే బండి ఆగిపోయింది. అడిగితే ఏమన్నారు? 'అమ్మేవాళ్ళు లేరు, ధరలు పెరిగినయి.' సరే, భూమి అమ్మేవాళ్ళు లేరు. ఇళ్ళు అమ్ముకోలేక సర్కారే దిక్కులు చూస్తున్నదే, అప్పుడు మనం గుర్తుకు రాలేదేం? అమ్మేదీ సర్కారే, ఎస్సీ కార్పొరేషన్ తరఫున కొనగలిగిందీ సర్కారే. ఒక జేబులోది తీసి ఇంకో జేబులో పెట్టడానికి అడ్డమొచ్చింది డబ్బు కాదు. సబ్ ప్లాన్ చట్టం 2013లో వచ్చింది. తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టమైంది. ఆ ఏడు ఖర్చు కాని డబ్బు పై ఏడుకు తేవాలని అందులోనే రాసుకున్నారు. రాసుకున్నది అమలుచేస్తే ఒక్కొక్క టవరు మనవాళ్ళ సంఘానికి వచ్చేది.

దీనికి బాబుల దగ్గర ఒక జవాబు తయారుగా ఉంటుంది. 'మీవాళ్ళకు ఇల్లిస్తే అమ్ముకుంటరు.' ఈ మాట అసైన్డ్ భూములప్పటి నుంచీ వింటున్నాం. రాజీవ్ గృహకల్పలో ఇల్లొచ్చినవాళ్ళు కొందరు కిరాయికిచ్చి మళ్ళీ బస్తీకి వచ్చిన మాట నిజం. దాచుకోవాల్సిందేమీ లేదు. ఎందుకొచ్చారు? పని ఇక్కడ, ఇల్లు అక్కడ. 2023 జూన్‌లో కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ళు ప్రారంభించారు. ఇళ్ళు మంచివే. కానీ ఔటర్ రింగు రోడ్డు పక్కన ఉన్న కొల్లూరులో పొద్దున్నే లేచి, పిల్లకు సద్ది కట్టి, బస్సు పట్టుకొని జూబ్లీహిల్స్‌లో ఆరు గంటలకు వాకిలి ఊడ్చగలిగే ఆడమనిషి ఉందా? నెలకు బస్సుకే ఎంతవుతుందో, ఎన్ని పనులు పోతాయో లెక్కవేసిన ఆఫీసరున్నాడా? ఊరవతల వెలివాడ కట్టి, అందులో ఉండలేకపోతే 'చూశారా అమ్ముకున్నరు' అంటారు. సర్కారు ధరకు ప్లాటు తీసుకొని కోట్లకు అమ్ముకున్న పెద్దమనుషులను మాత్రం ఎవడూ ఆ మాట అనడు. వాళ్ళది వ్యాపార దక్షత!

అమ్ముకోకుండా ఉండాలంటే దారి ఉంది. అసైన్డ్ భూమి అమ్మరాదు, కొనరాదని 1977లోనే చట్టం చేసుకున్నాం. అమలులో దాన్ని ఎంత కుళ్ళబొడిచారో మనకు తెలుసు, ఒక్కో రైతు ఒక్కడే దొర ముందు నిలబడాల్సి వచ్చింది కాబట్టి. ఇల్లు సంఘం పేరు మీద ఉంటే దొర అయినా, అప్పులవాడైనా, తాగి వచ్చిన మొగుడైనా ఒక్క మనిషి చేత వేలిముద్ర వేయించుకొని పోలేడు. మనం పట్టా వద్దనడం లేదు. ఉన్న బస్తీల్లో ఉన్నచోటనే పట్టాలియ్యాలి, ఆ పోరాటం ఆగదు. ఖాళీ టవర్ల సంగతి వేరు. అవి ఒక్కొక్కరికి పంచితే ఐదేళ్ళలో మళ్ళీ ఆ దొరల చేతికే పోతాయి. సంఘానికే రావాలి.

సంఘాలకు ఇవ్వడం చట్టంలో లేదనేవాళ్ళకు రెండు సంగతులు. 2016 రేరా చట్టం ఎనిమిదో సెక్షన్ చూడండి. బిల్డర్ కట్టలేక చేతులెత్తేసి రిజిస్ట్రేషన్ పోగొట్టుకుంటే, మిగిలిన పని చేయించుకునే మొదటి హక్కు కొన్నవాళ్ళ సంఘానిది. అంటే సగంలో ఆగిన ఇంటిని సంఘం తీసుకోవచ్చని చట్టమే ఒప్పుకుంది. కాకపోతే ఆ సంఘంలో ఉండాలంటే ముందే డబ్బు కట్టి ఉండాలి. రెండోది, 2024 నవంబరు 25న సుప్రీంకోర్టు తీర్పు. హైదరాబాదులో ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఐఏఎస్, ఐపీఎస్ ఆఫీసర్లు, జడ్జీలు, జర్నలిస్టుల సొసైటీలకు తక్కువ ధరకు సర్కారు భూములిచ్చిన జీవోలను కొట్టేసింది. అన్నీ ఉన్నవాళ్ళకే మళ్ళీ ఇవ్వడం సమానత్వం కాదని చెప్పింది. ఆ భూములు ఇన్నేళ్ళూ చేతులు మారుతున్నప్పుడు 'సొసైటీలకు ఇవ్వడమేంటి' అని సెక్రటేరియట్‌లో ఎవరికీ సందేహం రాలేదు. మనం అడిగితేనే సెక్షన్లు గుర్తొస్తాయి.

కాబట్టి పని మన వైపు నుంచి మొదలు కావాలి. బస్తీల్లో తిరిగే కార్యకర్తలు మీటింగు పెట్టి జెండా కట్టి వచ్చేస్తే కాదు. ఫిల్మ్ నగర్ బస్తీల్లో కిరాయికుండే దళిత, బహుజన, ముస్లిం ఆడవాళ్ళ పేర్లు ఇల్లిల్లూ తిరిగి రాయాలి. ఎన్నేళ్ళుగా ఉంటున్నరు, ఎంత కిరాయి కడుతున్నరు, ఎక్కడ పని చేస్తున్నరు అన్నీ రాయాలి. సహకార చట్టం కిందనో, 1995 మాక్స్ చట్టం కిందనో సొసైటీ రిజిస్టర్ చేయించాలి. ప్రెసిడెంటు, సెక్రటరీ ఆడవాళ్ళే కావాలి. లెక్కల పుస్తకం నెలకోసారి గల్లీలో పైకి చదవాలి. చిత్రపురి గొడవ చూశాక దీన్ని తేలిగ్గా తీసుకునేది లేదు. మన నాయకులకు కూడా చేతులున్నాయి, జేబులున్నాయి.

ఊళ్ళలో ఉన్నవాళ్ళు కూడా పట్నంలో ఉన్న మీ కొడుకులకు, బిడ్డలకు ఈ పత్రిక పంపించండి. కిరాయి చీటీలు, కరెంటు బిల్లులు పారేయొద్దని చెప్పండి. సగంలో ఆగిన టవర్లను ఇంకోసారి గంపగుత్తగా అమ్ముతామని సర్కారు నోటిఫికేషన్ ఇచ్చిన రోజు, దరఖాస్తు పెట్టే వరసలో బిల్డర్ల కంటే ముందు మన సొసైటీ నిలబడాలి, చేతిలో రిజిస్ట్రేషన్ నంబరుతో.