శివన్నగూడెం స్వామి

అష్టావక్రుని కథ మీలో చాలామంది వినే ఉంటారు. తల్లి గర్భంలో ఉండగానే తండ్రి శాపం పొంది, ఎనిమిది వంకరలతో జన్మించి, బాల్యంలోనే జనక మహారాజు సభలో వాదించి గెలిచినవాడు. అంశల స్వామిని తలచుకొన్నప్పుడల్లా నాకు ఆ కథ స్ఫురిస్తుంది. అయితే పోలిక దేహం వద్దనే ఆగిపోవాలి. స్వామి వైకల్యానికి ఏ శాపమూ కారణం కాదు.

ఆయనది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలోని శివన్నగూడెం. ఆ మెట్టనేల అడుగున ఉన్నది గ్రానైటు శిల. దానిలోని ఫ్లోరైడు భూగర్భజలంలో కరుగుతుంది. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంతకు మించిన నీటిని ఏళ్ళ తరబడి త్రాగితే పండ్లు గారకడతాయి, ఎముకలు పెళుసెక్కుతాయి, కీళ్ళు బిగుసుకుపోతాయి, ఎదిగే పిల్లల కాళ్ళు వంకరపోతాయి.

2003లో జలసాధన సమితి నాయకుడు దుశ్చర్ల సత్యనారాయణ స్వామిని ఢిల్లీకి తీసుకొనిపోయి, ప్రధాని వాజపేయి ఎదుట బల్లపై పరుండబెట్టారు. వినతిపత్రం చెప్పలేనిది ఆ దేహం చెప్పింది. తరువాత కూడా స్వామి ఇంటికే పరిమితం కాలేదు. తనవంటి వారి పక్షాన నిలిచారు. 2023 జనవరిలో, నలభై ఏళ్ళు నిండకుండానే కన్నుమూశారు.

అటువంటి వారిని మనం సులభంగా ‘విధివంచితులు’ అంటాం. ఆ మాట నాకు సమ్మతం కాదు. అమెరికాలో శామ్ బెర్న్స్ అనే బాలుడుండేవాడు. ప్రొజీరియా అనే అరుదైన జన్యువ్యాధితో బాల్యంలోనే వార్ధక్యం పైబడినా, ఉత్సాహం వీడక ఆ వ్యాధి గురించి లోకానికి తెలియజెప్పి, 2014లో 17వ ఏట మరణించాడు. ఒక జన్యువులోని చిన్న మార్పే దానికి మూలమని శాస్త్రజ్ఞులు కనుగొన్నది 2003లో. అంటే శామ్ పుట్టేనాటికి ఆ కారణం ఎవరికీ తెలియదు. అతని విషయంలో ‘విధి’ అంటే కొంత అర్థముంది.

స్వామి విషయం అది కాదు. నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు 1937లోనే వర్ణించారు. మర్రిగూడ మండలంలోనే ఉన్న బట్లపల్లిలో 1945లో గుర్తించారు. పటిక, సున్నములతో ఫ్లోరైడును తొలగించే విధానాన్ని నాగపూరులోని నీరి సంస్థ 1970వ దశకంలో రూపొందించింది. దానికి ‘నల్లగొండ పద్ధతి’ అని పేరు! జిల్లా పేరు విదేశాల శాస్త్రగ్రంథాలకెక్కింది. జిల్లా పల్లెలు మాత్రం ఆ బోరునీళ్ళే త్రాగాయి. అదే జిల్లా అంచున కృష్ణపై 1967లో నాగార్జునసాగర్ పూర్తయింది. ఎగువనున్న మర్రిగూడ మెట్టకు ఆ కాలువలు ఎక్కలేదు. ఇవన్నీ స్వామి పుట్టకముందు సంగతులే.

ఇంటింటికీ నదీజలాలనందించే మిషన్ భగీరథ 2016లో ప్రారంభమైంది. అప్పటికి స్వామి ఎముకలు ఎదిగే వయసు ఎప్పుడో దాటిపోయింది.