ప్రమాదం జరిగిన నిమిషంలో ఫోన్ ఏం చేస్తోంది?



రోడ్డు ప్రమాదాల ఎఫ్‌ఐఆర్‌లు తిరగేస్తే ఎక్కువగా కనిపించే మాట ఒకటే: డ్రైవరు అతివేగంగా, అజాగ్రత్తగా నడిపాడని. ఆ అజాగ్రత్త ఏమిటో, చేతిలో ఫోన్ ఉందో లేదో చాలాసార్లు ఎవరూ రాయరు. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో రోడ్ల మీద చనిపోయినవారు 1,68,491 మంది. వారిలో ఫోన్ వాడకం వల్ల పోయినవారు 3,395 మంది, అంటే నూటికి ఇద్దరు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏ కూడలి దగ్గరైనా కాసేపు నిలబడినవారికి ఈ అంకె నమ్మబుద్ధి కాదు. అడగని విషయం లెక్కలోకి ఎలా వస్తుంది?

ఇలా అడగకపోవడం వల్ల నష్టపోయేది గాయపడిన మనిషి. పరిహారం కేసులో బీమా కంపెనీ లాయరు తరచూ చేసే వాదన, తప్పు ఇద్దరిదీ అని. కారు బైకును ఢీకొంటే, బైకు మీద వెళ్తున్నవాడూ అడ్డొచ్చాడంటాడు. పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఒప్పుకుంటే ఆ మేరకు డబ్బు కోసేస్తారు. కారు నడిపినవాడు ఆ క్షణంలో మెసేజ్ కొడుతున్నాడని తేలితే ఆ వాదన నిలవడం కష్టం.

తేల్చడం సాధ్యమేనని అమెరికాలోని న్యూజెర్సీలో జరిగిన ఒక కేసు చూపింది. 2009 సెప్టెంబరులో ఓ యువకుడి వాహనం రోడ్డు మధ్య గీత దాటొచ్చి మోటారు సైకిల్‌ను ఢీకొంది. దాని మీదున్న దంపతులిద్దరూ చెరో కాలు పోగొట్టుకున్నారు. ఫోన్ రికార్డులు తెప్పిస్తే, అతను మెసేజ్ పంపడానికీ అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయడానికీ మధ్య 17 సెకన్లే ఉన్నాయి. బండి ఆపడం, దెబ్బలు చూడడం, నంబరు నొక్కడం, అన్నీ ఆ 17 సెకన్లలోనే. 2013లో అప్పీలు కోర్టు తీర్పులో ఈ లెక్క స్పష్టంగా ఉంది.

మన దగ్గర చట్టానికి లోటు లేదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం ఫోన్ చేత్తో పట్టుకుని వాడుతూ నడపడం ప్రమాదకర డ్రైవింగే. టెలికాం కంపెనీలు కాల్ రికార్డులను కనీసం రెండేళ్లు ఉంచాలి. పత్రాలు తెప్పించే అధికారం 169వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కు ఉంది. నేరం కేసులో కావలసినంత గట్టి రుజువు పరిహారం కేసులో అక్కర్లేదని, ఏది ఎక్కువ నమ్మదగినదో చూస్తే చాలని సుప్రీంకోర్టు 2009లో బిమలాదేవి కేసులో చెప్పింది.

చిక్కంతా సమయం దగ్గరుంది. ఎఫ్‌ఐఆర్‌లో "సుమారు 5 గంటలకు" అని రాస్తే, 5.02కి వచ్చిన కాల్ దేన్నీ రుజువు చేయదు. 108కి మొదటి ఫోన్ వెళ్లిన సమయం, దగ్గరి దుకాణం సీసీ కెమెరా దృశ్యం వెంటనే సేకరించాలి. కెమెరాల్లో పాత దృశ్యాలు కొద్ది రోజుల్లోనే చెరిగిపోతాయి. వాట్సాప్ కాల్ మామూలు కాల్ జాబితాలో కనిపించదు, దానికి ఆ ఫోన్‌నే పరిశీలించాలి. ఆసుపత్రి మంచం మీదున్నవాడు ఇవన్నీ ఎక్కడ పట్టుకుంటాడు?

కాల్ రికార్డులు తెప్పించడమంటే డ్రైవరు సొంత విషయాల్లోకి చొరబడడమేనని కొందరంటారు. ఏం మాట్లాడాడో ఎవరికీ అక్కర్లేదు, ఎప్పుడు మాట్లాడాడో చాలు. తప్పు చేయని డ్రైవరును కాపాడేదీ ఆ రికార్డే.

మనిషి గాయపడిన ప్రతి ప్రమాదంలో డ్రైవరు ఫోన్ నంబరు, 108 కాల్ సమయం తొలి నివేదికలోనే రాయాలని రెండు తెలుగు రాష్ట్రాల పోలీసు శాఖలు ఆదేశాలివ్వాలి. బాధితులు అడిగేదాకా ఆగకుండా ట్రిబ్యునళ్లు కాల్ రికార్డులు తెప్పించాలని మనవి.

— ఒక పాఠకురాలు, ఖమ్మం