ముందు ఆర్‌సీ, తర్వాతే ఇంజన్

పాత మారుతికి కొత్త ఊపిరి పోయాలనుకునేవారు స్పానర్ పట్టుకునే ముందే చట్టాన్ని, బ్రేకుల్ని, బీమాను లెక్క చూసుకోవాలి

1983 డిసెంబర్ 14న ఢిల్లీలో తొలి మారుతి 800 తాళాలను ప్రధాని ఇందిరాగాంధీ ఒక సామాన్య కొనుగోలుదారు చేతిలో పెట్టారు. 2014 జనవరిలో ఉత్పత్తి ఆగేనాటికి అలాంటి కార్లు 25 లక్షలకు పైగా తయారయ్యాయి. వాటిలో కొన్ని ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. నాన్న కొన్న మొదటి కారు అనో, ఇరుకు సందుల్లో ఇంతకన్నా నప్పే బండి లేదనో వాటిని వదులుకోలేని యజమానులున్నారు. చిక్కల్లా ఇంజన్‌తోనే. బాడీ గట్టిగా ఉన్నా ఇంజన్ పొగ కొడుతుంది, ఆయిల్ తాగుతుంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఆయాసపడుతుంది. సరిగ్గా అప్పుడే షెడ్‌లో ఆ సలహా వినిపిస్తుంది: "బోరు చేయించి డబ్బు తగలేయడం ఎందుకు సార్, జెన్ ఇంజన్ ఎక్కించేద్దాం."

సలహాలో పస లేకపోలేదు. మారుతి 800లోని పాత కార్బురేటర్ ఇంజన్ 796 సీసీ, మూడు సిలిండర్లది. శక్తి 40 హార్స్‌పవర్ లోపే. 1993లో వచ్చిన జెన్‌లో 993 సీసీ, నాలుగు సిలిండర్ల అల్యూమినియం ఇంజన్ ఉండేది. దాని శక్తి 50 హార్స్‌పవర్. ఎస్టీమ్‌లోని 1.3 లీటర్ల ఇంజన్ కార్బురేటర్‌తో 65, ఎంపీఎఫ్ఐ వచ్చాక 85 హార్స్‌పవర్ ఇచ్చింది. 650 కిలోల చిన్న బండికి 85 హార్స్‌పవర్ తగిలిస్తే ఎలా దూసుకెళుతుందో ఊహించుకోవచ్చు. మూడింటి వెనకా ఉన్నది సుజుకియే కాబట్టి పని తేలికని మెకానిక్ అంటాడు. కానీ రవాణా శాఖ దృష్టిలో ఈ చుట్టరికానికి విలువ లేదు.

మోటారు వాహనాల చట్టం-1988లోని 52వ సెక్షన్ ఇక్కడ కీలకం. మొదట్లో రిజిస్టరింగ్ అధికారి అనుమతి ఉంటే వాహనంలో మార్పులు చేసుకునే వీలుండేది. 2000లో చేసిన సవరణ ఆ తలుపు దాదాపుగా మూసేసింది. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నంగా మారేలా ఏ యజమానీ వాహనాన్ని మార్చకూడదని అది తేల్చిచెప్పింది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే అర్థాన్ని ఖాయం చేసింది. తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పును అంగీకరించేది లేదని జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ వినీత్ శరణ్‌ల ధర్మాసనం స్పష్టం చేసింది.

దీన్నిబట్టి పాత కారు యజమాని ముందు రెండు దారులున్నాయి. చెడిపోయిన 796 సీసీ ఇంజన్ స్థానంలో అదే కంపెనీ, అదే రకం ఇంజన్ పెడితే పత్రంలో మారేది ఇంజన్ నెంబరు ఒక్కటే. ఆ మార్పును రిజిస్టరింగ్ అధికారికి చెప్పి నమోదు చేయించుకోవచ్చు. ఇందుకు చట్టం ఇచ్చిన గడువు 14 రోజులు. ముందే దరఖాస్తు చేసుకుంటే ఇంకా మేలు. ఇంజన్ బిల్లు, ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం పట్టుకెళ్లి బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు బండి చూపించాలి. అదే జెన్ లేదా ఎస్టీమ్ ఇంజన్ ఎక్కిస్తే నెంబరుతోపాటు సీసీ, సిలిండర్ల సంఖ్య కూడా మారతాయి. ఇది 52వ సెక్షన్‌కు అడ్డంగా తగులుతుంది. "ఆర్టీఏ ఆఫీసులో చూసుకుందాం" అన్న భరోసా మీద ఆధారపడి పెట్టుబడి పెట్టడం తెలివైన పని కాదు.

శిక్ష కూడా ఇప్పుడు నామమాత్రం కాదు. 2019 సవరణ చట్టంతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని మార్పు చేసిన యజమానికి 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అంతకన్నా పెద్ద దెబ్బ బీమా వైపు నుంచి పొంచి ఉంటుంది. కంపెనీకి చెప్పకుండా మార్చిన ఇంజన్ ప్రమాదం తర్వాత సర్వేయర్ కంట పడితే క్లెయిమ్ తిరస్కరించడానికి అదే సాకవుతుంది. ఎదుటివారి ప్రాణం పోయిన కేసులో పరిహారం భారం యజమాని నెత్తిన పడితే, ఇంజన్ మీద ఆదా చేసిన వేలు ఏ మూలకూ చాలవు.

ఎక్కడి సరుకు?

ఢిల్లీలోని మాయాపురి, ముంబయిలోని కుర్లా, చెన్నైలోని పుదుపేట పాత ఇంజన్లకు పేరుపడ్డ చోట్లు. మీరట్‌లోని సోతీగంజ్ పేరు కూడా ఒకప్పుడు ఈ జాబితాలో ఉండేది. దొంగిలించిన వాహనాలను అక్కడ విడగొట్టి అమ్ముతున్నారన్న ఆరోపణలపై ఉత్తరప్రదేశ్ పోలీసులు 2021లో దాడులు చేశారు. ఆ ఏడాది డిసెంబర్‌లో మార్కెట్టే మూతపడింది. ఆ ఉదంతం నేర్పే పాఠం ఒక్కటే: బిల్లు లేని ఇంజన్ ఎంత చవకైనా ఖరీదైనదే. బ్లాకు మీద నెంబరు అరగదీసినట్టు కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయాలి. ఇంజన్ ఏ బండిదో ఆ బండి ఆర్‌సీ నకలు, దాన్ని తుక్కుకు ఇచ్చినట్టు రుజువు అడగాలి. చోరీ వాహనాల వివరాల కోసం జాతీయ నేర రికార్డుల బ్యూరో నిర్వహించే 'వాహన్ సమన్వయ్' వ్యవస్థలో నెంబరు సరిచూసుకోవాలి.

వయసు సంగతీ మరవకూడదు. జెన్ ఉత్పత్తి 2006లో, ఎస్టీమ్ ఉత్పత్తి 2007లో ఆగిపోయాయి. షెడ్డువారు 'కొత్త ఇంజన్' అని మురిపించేది ఎంత లేదన్నా దాదాపు రెండు దశాబ్దాల నాటి వస్తువు. సిలిండర్ల కంప్రెషన్ కొలిపించకుండా, ఆయిల్ మూత తీసి లోపల నల్లటి మడ్డి ఉందేమో చూడకుండా కొంటే ఒక ముసలి ఇంజన్ పోయి ఇంకో ముసలి ఇంజన్ వస్తుంది, అంతే.

ఒకటి కదిపితే పది

చట్టం సంగతి కాసేపు పక్కన పెట్టినా, పెద్ద ఇంజన్ ఒంటరిగా రాదు. మౌంటింగులు కోసి కొత్తవి వెల్డింగ్ చేయాలి. గేర్‌బాక్స్, క్లచ్, చక్రాలకు శక్తినిచ్చే షాఫ్టులు జతకుదరాలి. మూడు సిలిండర్ల వేడికి సరిపోయిన రేడియేటర్ నాలుగు సిలిండర్లకు చాలదు. ఎంపీఎఫ్ఐ ఇంజనైతే దాని కంప్యూటర్, సెన్సార్లు, వైరింగ్, అధిక ఒత్తిడితో పెట్రోలు పంపే పంపు, క్యాటలిటిక్ కన్వర్టర్ అన్నీ కలిసి రావాలి. వీటిలో ఏ ఒక్కటి అతుకుల బొంతైనా ఫలితం వేసవి మధ్యాహ్నం ట్రాఫిక్‌లో తెలుస్తుంది. పెట్రోలు గొట్టం, తెగిన వైరు పక్కపక్కన ఉంటే జరిగేది బ్రేక్‌డౌన్‌తో ఆగదు.

అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేది బ్రేకులే. మారుతి 800 బ్రేకులు, సస్పెన్షన్, 12 అంగుళాల చక్రాలు 40 లోపు హార్స్‌పవర్‌ను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండిని ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తితో పోలిస్తే 110 కిలోమీటర్ల వద్ద అది దాదాపు రెట్టింపు. ఇంజన్‌కు రెక్కలిచ్చి బ్రేకులను పాతవాటితోనే సరిపెడితే దాని మూల్యం చెల్లించేది కారులో కూర్చున్నవారే కాదు, రోడ్డు దాటుతున్నవారు కూడా.

అందుకే చాలామందికి మంచి పథకం చప్పగా కనిపించేదే: ఉన్న ఇంజన్‌ను విప్పి బోరు చేయించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చి, హెడ్ పని చేయించడం. నెంబరు మారదు, ఆర్టీఏ గడప తొక్కనక్కర్లేదు. పనిలో పనిగా పెట్రోలు గొట్టాలు, కార్బురేటర్ రబ్బరు భాగాలు కూడా మార్చేయడం మేలు. ఎందుకంటే 2025లో దేశం 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు చేరింది. పాత వాహనాల్లో కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని ఆ ఏడాది ప్రభుత్వమే ఒప్పుకుంది.

ఇంత ఖర్చుకు బండి తగునా అన్న ప్రశ్నకు జవాబు క్యాలెండర్‌లో ఉంది. 15 ఏళ్లు దాటిన కారుకు ప్రతి 5 ఏళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించాలి. 2022 ఏప్రిల్‌లో ఈ రుసుము రూ.600 నుంచి రూ.5,000కు పెరిగింది. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో రూ.10,000 చేశారు. ఢిల్లీ పరిసరాల్లోనైతే 15 ఏళ్లు దాటిన పెట్రోలు కార్ల భవితవ్యం 2015 నాటి హరిత ట్రిబ్యునల్ ఆదేశం, దాన్ని బలపరిచిన 2018 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు నుంచీ వివాదంలోనే ఉంది. కాబట్టి ఇంజన్ చేతికి నూనె అంటకముందే బండికి ఎఫ్‌సీ వస్తుందో లేదో, నేలపళ్లెం తుప్పు పట్టిందో లేదో చూడాలి.

సరిహద్దు అవతల కథ వేరు. పాకిస్తాన్‌లో 1989 నుంచి 2019 దాకా తయారైన సుజుకి మెహ్రాన్ మన మారుతి 800కు తోబుట్టువే. జపాన్ నుంచి వచ్చే 660 సీసీ పాత ఇంజన్లను దానికి తగిలించడం అక్కడ మామూలు వ్యాపారం. జర్మనీ మరో పద్ధతి ఎంచుకుంది. మార్పు చేసిన ఒక్కో వాహనాన్ని అధీకృత ఇంజనీరు పరీక్షించి, సురక్షితమని తేలితే పత్రాల్లో ఎక్కిస్తారు. భారత చట్టం ఈ రెండింటికీ దూరంగా నిలబడింది. కాకపోతే సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ కిట్లకు మాత్రం తలుపు తెరిచింది. పరీక్షా సంస్థ ఆమోదించిన కిట్‌ను అధీకృత కేంద్రంలో బిగిస్తే ఆర్‌సీలో నమోదు చేస్తారు. పాత పెట్రోలు కారును విద్యుత్ కారుగా మార్చే కిట్లూ ఈ దారిలోనే వచ్చాయి.

పొగ కక్కే పాత ఇంజన్‌ను అలాగే ఉంచుకుంటే అభ్యంతరం లేదు, దానికన్నా శుభ్రమైన, కాస్త పెద్ద ఇంజన్ పెడితే నేరం అన్నది చట్టంలోని విడ్డూరం. కిట్లకు ఉన్నట్టే ఒక్కో వాహనానికీ పరీక్ష పెట్టి, బ్రేకులు, ఉద్గారాలు చూసి, రుసుము తీసుకుని అనుమతించే మార్గం ఉంటే షెడ్లలో గుట్టుగా సాగే పని వెలుగులోకి వస్తుంది. దొంగ ఇంజన్ల గిరాకీ కూడా తగ్గుతుంది. ఆ మార్గం వచ్చేదాకా యజమాని పాటించాల్సిన వరస మాత్రం ఇదే: మొదట ఆర్‌సీ, తర్వాత బీమా, ఆ తర్వాత బ్రేకులు, అన్నిటికన్నా చివర ఇంజన్. షెడ్డులో సాధారణంగా ఇది తలకిందులుగా నడుస్తుంది.