డెమోకి ఎవరిని పిలుస్తున్నారు?

2001లో 17 మంది కలిసి అజైల్ మేనిఫెస్టో రాశారు. బిజినెస్ వాళ్లూ డెవలపర్లూ రోజూ కలిసి పనిచేయాలన్నది అందులో ఒక సూత్రం. మన టీముల్లో మాత్రం స్టేక్‌హోల్డర్ అంటే, రెండు వారాలకోసారి డెమో చూసి 'సూపర్' అనే మేనేజరే!

నేనుండేది అశోక్‌నగర్‌లో. చుట్టూ గ్రూప్స్ అభ్యర్థులే. కొత్త జోనల్ విధానం వచ్చాక, 2022లో వీళ్లంతా టీఎస్‌పీఎస్సీ ఓటీఆర్‌లో 1 నుంచి 7వ తరగతి దాకా ఎక్కడ చదివారో నింపాల్సొచ్చింది. మనలాంటి డెవలపర్‌కి అవి ఏడు గడులు. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో చదువుకునేవాళ్లకి మాత్రం ఊరెళ్లి బోనఫైడ్ తెచ్చుకోవడం. ఆ బడి మూతపడి ఉంటే? గడువు దాటితే? ఈ ప్రశ్నలు మేనేజర్‌కి తట్టవు. ఫారం నింపేవాళ్లకే తడతాయి.

అందుకే నేను చెప్పేది ఒకటే. ఈసారి డెమోకి యాప్ వాడే ఇద్దర్ని పిలవండి. 'ఎలా ఉంది?' అని అడగొద్దు. ఫోన్ చేతికిచ్చి, పని చెప్పి, మాట్లాడకుండా చూడండి. వాళ్ల వేలు ఎక్కడ ఆగిందో అదే తర్వాతి స్ప్రింట్‌లో మొదటి టికెట్. సరిచేశాక మళ్లీ వాళ్లకే చూపించండి. తమ మాట విన్నారని తెలిస్తేనే మూడోసారీ వస్తారు.

ఖర్చంటారా? నారాయణగూడలో రెండు ఇరానీ చాయ్‌లు!