దహీహండీ: అధికారి విచారము

గ్రంథారంభమున విషయ ప్రయోజన సంబంధములతో పాటు అధికారిని గూడ నిర్ణయించుట మన శాస్త్రకారుల పద్ధతి. పండుగల విషయమున ఈ చివరిదానిని విచారించువారు అరుదు. మహారాష్ట్రమున కృష్ణాష్టమి మరునాడు జరుగు దహీహండీలో మానవగోపురము నెక్కుట కధికారి యెవరను ప్రశ్న న్యాయస్థానముల వరకు పోయినది గనుక, దానిని మన దృష్టితోను పరిశీలింపవలసియున్నది.

ముంబయి, ఠాణే వీథులలో ఎత్తున వ్రేలాడదీసిన పెరుగుకుండను పగులగొట్టుటకు ‘గోవిందులు’ ఒకరి భుజములపై నొకరు నిలిచి అంతస్తులు కట్టుదురు. బలిష్ఠులు అడుగున, తేలికవారు పైన. తేలికవారనగా తరచు బాలురే. 2012లో ఠాణేలో కట్టిన తొమ్మిది అంతస్తుల గోపురము 43 అడుగులు దాటినది. గోపురము పెరిగినకొలది శిఖరమునకు మరింత తేలికవాడు కావలసివచ్చును.

ఇందుకు భాగవత దశమస్కంధమును ఆధారముగ చూపుదురు. అచ్చట గోపికలు యశోదతో మొరపెట్టుకొనుచు, ఉట్టి యందక కృష్ణుడు పీటలు, రోళ్లు పేర్చెననియు, కుండకు తూటు పొడిచెననియు చెప్పుదురు. పోతన తెలుగులోను ఱోలు, పీటలే. ఆ మొరలో మనుష్యుల భుజములు సోపానములైన ప్రసక్తి లేదు. మన పల్లెలలో ఉట్టిని తాడుతో పైకి క్రిందికి లాగుచు, నీళ్లు చల్లుచుండగా, యువకులు ఎగిరి కొట్టుదురు. గోపురము లేకయే పండుగ నిండుగ జరుగుచున్నది. కావున మానవగోపురము లోకాచారము. లోకాచారమును లోకము దిద్దుకొనవచ్చును. కృష్ణుడు బాలుడే కదా యని కొందరి వాదము. ఆ బాలుడెక్కినది ఱోలు. నలువది యడుగుల ఎత్తు కాదు.

2014లో బొంబాయి ఉన్నతన్యాయస్థానము 18 సంవత్సరముల లోపువారు పాల్గొనరాదనియు, ఎత్తు 20 అడుగులు మించరాదనియు ఆదేశించెను. 2016లో సర్వోన్నతన్యాయస్థానము ఆ నియమములను సడలింప నిరాకరించెను. 2017లో ఎత్తునియమము తొలగెను, వయోనియమము 14కు దిగెను. 2022లో రాష్ట్రప్రభుత్వము దీనిని సాహసక్రీడగా ప్రకటించినది.

అర్థి, సమర్థుడు, విద్వాంసుడు: ఈ మూడును కలవాడే అధికారియని మీమాంసకుల మతము. పదునాలుగేండ్ల బాలునకు ఉత్సాహము కలదు, శక్తియు కలదనుకొందము. పడినచో వెన్నెముక యేమగునో ఎరుగు విద్వత్త వానికి కలదా? సాహసక్రీడ యన్నప్పుడు, అపాయమునెరిగి యంగీకరించుటయే ప్రథమార్హత. 18 సంవత్సరముల నియమమును పునరుద్ధరింపవలెనని మా అభిప్రాయము.

ఇక స్త్రీలు. ముంబయిలో స్త్రీల గోవింద బృందములును గోపురములు కట్టుచున్నవి. వారిని చూచి నొసలు విరుచువారు ఏ వచనమును ప్రమాణముగ చూపగలరో తెలియదు. “ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కునా” యను మన సామెత పరిహాసమునకు పుట్టినదే యైనను, ఉట్టికెక్కు అమ్మను ఊహింపనైన ఊహించినది! వయస్సు వచ్చిన స్త్రీకి పై మూడు లక్షణములలో ఏది కొరత? వారిని వారించుట కంటె, అడుగున పరుపులు పరచినారా, శిరస్త్రాణములు ఇచ్చినారా యని నిర్వాహకులను నిలదీయుట మేలు.