టెలిస్కోపు కంటే ముందు దిమ్మ

మా సైన్సు క్లబ్బుకు ఇంకా పెద్ద టెలిస్కోపు కొనాలన్న మాట ఈ ఏడాది గట్టిగా వినిపిస్తోంది. ఆ మాట అనేవాళ్ల మీద మాకు కోపం లేదు. పెద్దది వస్తే అందరికంటే ముందు సంతోషించేది మేమే. కానీ డబ్బు ముందు టెలిస్కోపు కిందికి వెళ్లాలని, ఆ తర్వాతే టెలిస్కోపు సంగతి చూడాలని మా అభిప్రాయం.

ఇప్పుడున్న టెలిస్కోపు మేడ మీద నాలుగంగుళాల ఇనుప పైపుపై నిలబడి ఉంది. పైపు ఛాతీ ఎత్తు ఉంటుంది. దాని అడుగు పలకను నాలుగు బోల్టులతో శ్లాబుకు బిగించారు. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. శనిగ్రహం వైపు తిప్పి గొట్టాన్ని వేలితో మెల్లగా తట్టి చూడండి. శని కుదురుకునేసరికి ఏడెనిమిది అంకెలు లెక్కపెట్టొచ్చు. మంచి స్తంభం మీదైతే ఒకటి, రెండు అనేలోపు ఆగిపోవాలి. ఆకాశం చూపించే రాత్రి నలభై మంది పిల్లలు అదే శ్లాబు మీద వరుసలో నిలబడతారు. ఒకరు కాలు మార్చినా చూస్తున్నవారి కంటిలో శని గంతులేస్తుంది. ఆరో తరగతి పిల్లలు కన్ను ఆనించి, రెండు క్షణాలు చూసి, "కనబడిందక్కా" అని వెళ్లిపోతారు. వాళ్లలో సగం మందికి ఉంగరం కనబడలేదని మాకు తెలుసు. వెనక వరుస ఉంది కదా, మర్యాదకు అలా అంటారు. మాకు బాధ కలిగించేది అదే.

ఎంత చిన్న కదలికకు ఇంత తేడా వస్తుందో లెక్క వేసి చూశాం. డిగ్రీలో 60వ వంతు కళ, కళలో 60వ వంతు వికల. ఉంగరాలతో కలిపి శని వెడల్పు సుమారు 40 వికలలు. మీటరు పొడవున్న గొట్టం ఒక చివర 0.1 మిల్లీమీటరు, అంటే ఒక కాగితం మందం, లేచిందంటే చూపు 20 వికలలు తప్పిపోతుంది. అది శనిలో సగం! పెద్ద టెలిస్కోపు కొంటే ఈ వణుకు తగ్గదు. బరువు పెరిగి పైపు ఇంకా నిదానంగా ఊగుతుంది. బొమ్మను ఎంత పెద్దది చేసి చూపిస్తే వణుకూ అంత పెద్దదై కనబడుతుంది.

ఈ సంగతి పాతవాళ్లకు బాగా తెలుసు. 1792లో మద్రాసు నుంగంబాకంలో అబ్జర్వేటరీ కట్టినప్పుడు మైకేల్ టాపింగ్ గది మధ్యలో సుమారు 10 టన్నుల గ్రానైటు స్తంభం నిలబెట్టించాడు. దాని మీద పెట్టిన పరికరం మాత్రం చిన్నదే. ఆ కట్టడం గురించి తమిళంతో పాటు తెలుగులో కూడా రాతి మీద చెక్కించారు. పరికరాలు ఎన్నో మారాయి, అబ్జర్వేటరీ పని 1899లో కొడైకెనాల్‌కు తరలిపోయింది, రాయి మాత్రం ఇప్పటికీ చెన్నై వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది. 1906లో భారత ప్రామాణిక సమయం వచ్చేదాకా మన దేశంలో రైళ్లు నడిచింది ఆ అబ్జర్వేటరీ చెప్పిన మద్రాసు సమయం ప్రకారమే. అప్పటికే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే బండ్లు ఖరగ్‌పూర్‌లో తిరుగుతున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి ఇక్కడికి వచ్చిన ఇళ్ల పిల్లలం మేము. భాషవైపు నుంచి ఒకటి, రైలువైపు నుంచి ఒకటి, ఆ రాయితో మాకు రెండు చుట్టరికాలు.

మాకు 10 టన్నుల రాయి అక్కర్లేదు. ఆటస్థలం మూల రెండున్నర అడుగుల చదరంలో మూడడుగుల లోతు గొయ్యి తీసి కాంక్రీటు నింపితే టన్నుకు పైగా బరువున్న దిమ్మ తయారవుతుంది. మన ఎర్రమట్టి నేల గట్టిది, పట్టు ఇస్తుంది. అయితే దిమ్మ చుట్టూ పిల్లలు నిలబడటానికి వేసే గచ్చు దానికి తగలకూడదు. మధ్యలో రెండంగుళాల సందు వదిలి ఇసుక పోయాలి. వర్క్‌షాపులో పనిచేసే మా నాన్నలకు ఇది కొత్త కాదు. పెద్ద సుత్తి మెషీనుకు పునాది విడిగా వేసి, షెడ్డు గచ్చుతో కలపరు. అక్కడ మెషీను అదురు బయటకు రాకూడదు, ఇక్కడ బయటి అదురు లోపలికి రాకూడదు. అందుకే ఈ పనిలో వాళ్ల సలహా అడగాలంటున్నాం. వెల్డింగు తెలిసినవాళ్లు ప్రతి క్లాసులోనూ ఎవరో ఒకరి ఇంట్లో ఉన్నారు!

పైపు కూడా మార్చాలి. గోడ మందం అంతే ఉంచి వ్యాసం రెట్టింపు చేస్తే పైపు దాదాపు 8 రెట్లు గట్టిపడుతుంది. ఎత్తు సగానికి తగ్గించినా అంతే, 8 రెట్లు. ఆరో తరగతి వాళ్లకు పొట్టి స్తంభమే మేలు, స్టూలు ఎక్కనక్కర్లేదు. పైపులో ఎండిన ఇసుక నింపితే ఊగు త్వరగా చచ్చిపోతుంది కానీ సన్నపైపు లావు పైపు అయిపోదు. ఇసుకతోనే పని అయిపోతుందని కొందరు అన్నారు కాబట్టి ఈ మాట రాస్తున్నాం. ఇక పైన, టెలిస్కోపును మట్టం చేయడానికి మూడు పొడుగాటి బోల్టుల మీద నిలబెట్టిన పలక ఉంది. కింద ఎంత కాంక్రీటు పోసినా ఆ మూడు బోల్టులు ఊగితే అంతా వృథా. బోల్టులు పొట్టివి కావాలి, పలకలు దగ్గరగా రావాలి.

మేడ మీదైతే ఆకాశం నలువైపులా కనబడుతుందని, కింద చెట్లు అడ్డమని అంటారు. నిజమే, తూర్పున కొంత పోతుంది. కానీ గ్రహాలు నెత్తి మీదికి వచ్చినప్పుడే బాగా కనబడతాయి, దిక్కు అంచున ఎలాగూ మసకే. గూడ్సు బండి పోతే నేల కూడా అదరదా అని అడిగారు. అదురుతుంది. బండి పోయేదాకా ఆగుతాం, ఈ ఊళ్లో పుట్టినవాళ్లకు అది అలవాటే. శ్లాబు మీద నలభై మంది కాళ్లను మాత్రం ఆపలేం.

వానల్లో గొయ్యి తీస్తే నీళ్లు నిలుస్తాయి. పూజ సెలవులు అవగానే అనుమతి దొరికితే తవ్వి, కాంక్రీటు పోసి, వారం రోజులు గోనెసంచులు కప్పి తడుపుతాం. పూర్తిగా గట్టిపడటానికి 28 రోజులు. తడిపే వంతుల జాబితా ఇప్పటికే రాసి పెట్టాం. మొదటి పేర్లు ఆరో తరగతివే.