చిన్న జీతం, పాత కారు

పోయిన నెల ఈ పుటలో చింతపండు నిలవ చేసుకొనే పద్ధతి వ్రాసినాము. దానికి వచ్చిన జాబులలో సగం చింతపండును గూర్చినవి కావు. "మీరు కారు కొన్నారటగా, ఆ సంగతి వ్రాయరేమి?" అని అడిగినవి. కినత్తుకడవు చిన్న ఊరు. ఒకరి వాకిట కుక్కపిల్ల వచ్చినా పొల్లాచ్చి దాకా తెలుస్తుంది. కారు వస్తే చెప్పవలెనా! కాబట్టి ఈ నెల ఆ ముచ్చటే. మేము నేర్చుకొన్నదీ, మోసపోబోయి తప్పించుకొన్నదీ దాచకుండా వ్రాస్తున్నాము. మనలో ఒకరికైనా పనికివస్తే చాలు.

మాకు కారెందుకన్న ప్రశ్న ముందు మా ఆవిడే వేసింది. మా నాయనకు ఇప్పుడు 77 ఏండ్లు. మోకాళ్ళు పట్టుకొన్నవి. నెలకొకసారి కంటి పరీక్షకు కోయంబత్తూరు పోవాలి. ఉన్నది 20 పైచిలుకు కిలోమీటర్లే. కాని బస్సు మెట్టు ఎక్కేసరికి ఆయన ముఖం చూడలేము. అదొక కారణం. రెండవది పైకి చెప్పుకొనేది కాదు. ఆయన ఒక కొబ్బరి తోట యజమాని వద్ద ముప్పై ఏండ్లు కారు నడిపినారు. ఇతరుల కార్లు కడిగినారు, తుడిచినారు, వాటి క్రింద పడుకొని మరమ్మతు చేసినారు. మా ఇంటి ముందు మాత్రం ఏనాడూ కారు నిలవలేదు.

మా చేతిలో ఉన్నది చీటీ పాడి తీసిన 1,40,000 రూపాయలు. అందులో 20,000 అమ్మాయి కళాశాల ఫీజుకని మా ఆవిడ ముడివేసి పక్కన పెట్టింది. "మిగిలింది లక్షా ఇరవై. దానిపైన ఒక్క రూపాయి అడిగితే కారులోనే కాపురం పెట్టండి" అన్నది. గుమాస్తాకు ఇంతకంటె స్పష్టమైన ఆజ్ఞ ఏ ఆఫీసులోనూ దొరకదు.

ఆ డబ్బుకు ఏ పదేండ్ల నాటి చిన్న కారో తెచ్చుకోవచ్చు. తెలివైనవారు అదే చేస్తారు. మేమూ అదే అనుకొన్నాము. ఒక రాత్రి నాయన, "కొనేదేదో కొంచెం ముఖం ఉన్న బండి కొనండిరా" అన్నారు. అక్కడితో మా తెలివి చెల్లిపోయింది.

మోటారుకూ మన కొంగునాటికీ ఉన్న చుట్టరికం కొత్తది కాదు. కలంగల్ గ్రామంలో 1893లో పుట్టిన మన జి.డి. నాయుడుగారు 1920లో పొల్లాచ్చికీ పళనికీ నడుమ ఒక్క బస్సు నడపటం మొదలుపెట్టి తన మోటార్ సర్వీసును ఎంతటి సంస్థగా పెంచినారో పెద్దలు కథలుగా చెప్పుతారు. 1952లో ఆయన 2,000 రూపాయలకే రెండు సీట్ల చిన్న కారు తయారుచేయించినారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వనందున అది అక్కడితో ఆగింది. ఆ కారే బజారులోకి వచ్చి ఉంటే మాబోటి గుమాస్తాలు ఇంత తిరగవలసి వచ్చేది కాదేమో! అవినాశి రోడ్డులో ఆయన పేర వెలసిన సంస్థల ఆవరణలోనే జీడీ కార్ల మ్యూజియం ఉన్నది. పిల్లలతో ఒక పూట చూడదగినది. అక్కడ కళ్ళకు కర్చు లేదు, టిక్కెట్టు డబ్బులు తప్ప.

ఇక బజారులో మా కంటబడినవి చెప్పుతాము.

మొదటిది అంబాసిడర్. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డు అచ్చులో కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారై, 2014లో ఆగిపోయింది. గట్టి బండి, ఇంటిల్లిపాదీ పడుతుంది. పెట్రోలు మాత్రం ఇంటల్లుడిలాగా త్రాగుతుంది.

రెండవది ఫియట్ 1100. మన దేశంలో తయారైనది తరువాత ప్రీమియర్ పద్మిని అన్న పేరుతో బొంబాయి కుర్లా కర్మాగారంనుండి వచ్చింది. 1089 సి.సి. ఇంజను, స్టీరింగు ప్రక్కనే గేరు కర్ర. బొంబాయి వీధులలో టాక్సీలుగా తిరిగిన పద్మినీలు 2023 అక్టోబరుతో సెలవు తీసుకొన్నవి.

మూడవది మన మద్రాసు బిడ్డ, స్టాండర్డ్ హెరాల్డు. 1961లో ఇక్కడ తయారీ మొదలైంది. ఇటలీ దేశస్థుడు మికెలోట్టి గీసిన రూపం. ముందరి మడ్గార్డులతో సహా బానెట్టు మొత్తం పైకెత్తితే ఇంజనంతా అరచేతిలో పెట్టినట్టు కనబడుతుంది.

నాలుగవది మారుతి 800. 1983 డిసెంబరులో మొదటి బండి ఇచ్చినారు, తయారీ 2014లో నిలిచింది. దీనిని మనం ఇంకా పాత కారు అనుకోవటం లేదు. మన పిల్లలు అనుకొంటున్నారు.

ఇప్పుడు కాగితాల సంగతి. కారు చూడబోయే ముందు ఆర్.సి. పుస్తకం చూడండి. సొంత కారుకు మొదట 15 ఏండ్లు, తరువాత అయిదేసి ఏండ్లకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరించాలి. ఆ రుసుము 15 ఏండ్లు దాటిన కార్లకు 2022 ఏప్రిల్‌లో 5,000 రూపాయలైంది. 20 ఏండ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేసినారు. గ్రీన్ టాక్సు వేరు. గడువు దగ్గరపడిన బండి అయితే ఆ మొత్తం బేరంలోనే తగ్గించుకోవాలి. పేరు మార్పిడికి 29, 30 నంబరు ఫారములు కావాలి. బ్యాంకు అప్పు ముద్ర ఉంటే 35 నంబరు ఫారము లేకుండా బయానా ఇవ్వవద్దు. యజమాని చనిపోయి ఉంటే వారసులందరూ ఒప్పుకొన్నారా అని అడగండి. అన్నదమ్ముల తగవులో కారు కొంటే చక్రాలు మనవి, స్టీరింగు కోర్టుది. ఛాసిస్ నంబరూ ఇంజను నంబరూ పుస్తకంతో అంకె అంకె సరిపోవాలి.

50 ఏండ్లు దాటి, రూపం మార్చని బండ్లకు 2021నుండి వింటేజి అని వేరే తరగతి ఉన్నది. కొత్తగా చేర్చటానికి రుసుము 20,000. గౌరవం గొప్పదే. కాని ఆ తరగతిలో చేరిన బండి ప్రదర్శనలకూ ర్యాలీలకూ, పెట్రోలుకూ మరమ్మతుకూ తప్ప నిత్యం రోడ్డుమీద తిరగరాదు. కంటి ఆసుపత్రికి పోయేవారికి అది పనికిరాదు.

మేము మొదట చూచినది ఒక పద్మిని. బ్రోకరు ఉదయమే ఇంజను వేడిచేసి పెట్టినాడు. పెండ్లికొడుకులాగా మెరుస్తున్నది. మా బావమరిది మెకానిక్కు. జేబులోనుండి ఫ్రిజ్జుకు అంటించే బొమ్మ అయస్కాంతం తీసి తలుపు క్రిందుగా నడిపించినాడు. ఇనుమున్న చోట పట్టుకొన్నది, పుట్టీ ఉన్న చోట టప్పున రాలిపోయింది. జానెడు జానెడుకూ రాలిపోయింది. "బావా, ఇది కారు కాదు, పుట్టీ బొమ్మ" అన్నాడు చెవిలో. ఇంటికి తిరిగివచ్చినాము.

అతడు చెప్పిన పాఠాలు మరికొన్ని ఇవి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు మన ఎదుటనే స్టార్టు చేయించాలి. వేడిమీద ఉంటే ఎన్నో రోగాలు కనబడవు. నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతున్నది. నల్ల పొగ అయితే పెట్రోలు ఎక్కువగా పోతున్నది. తెల్ల పొగ వదలకుండా వస్తూ, రేడియేటరు నీటిమీద నూనె జిడ్డు తేలితే చేతులు జోడించి వచ్చేయాలి. కాలిక్రింది చాప ఎత్తి చూడాలి. తుప్పు దాగుకొనేది అక్కడే. టైరు ప్రక్కన ఉండే నాలుగంకెలలో మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. 2315 అని ఉంటే 2015లో 23వ వారం నాటి టైరు. గాడులు ఎంత లోతుగా ఉన్నా అది ముసలిదే. ఇప్పటి పెట్రోలులో నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలుస్తున్నది. అది పాత రబ్బరు గొట్టాలను తినేస్తుంది. వాటిని మార్చే కర్చు ముందే లెక్కలో వేసుకోవాలి. అసలు ఉన్న డబ్బులో ముప్పాతిక వంతుకే బండి చూడాలి. తక్కిన పాతిక బండి ఇంటికి వచ్చిన తరువాత తనంతట తానే అడుగుతుంది.

ఇన్ని పాఠాలు విన్న మేమే రెండవసారి ఎలా పడబోయినామో చెప్పకపోతే ఈ వ్రాత అబద్ధమౌతుంది.

నెగమం వైపు ఒక తోటలో, కొబ్బరి మట్టల కొట్టంలో, 1968 నాటి హెరాల్డు ఉన్నదని తెలిసి ఆదివారం నాయనను తీసుకొని పోయినాము. ఆయన మొట్టమొదట నేర్చుకొన్నది హెరాల్డుమీదనే. యజమాని పరదా తీసినాడు. నాయన కర్ర మా చేతికిచ్చి, ఎవరూ చెప్పకుండానే రెండు ప్రక్కల కొక్కేలు విప్పి బానెట్టు ఎత్తినారు. మోకాళ్ళ నొప్పి ఏమైనదో తెలియదు. కార్బురేటరును వేలితో తాకి, వాసన చూచి నవ్వినారు. అట్లా నవ్వటం మేము చాలా ఏండ్ల తరువాత చూచినాము.

అడిగిన వెల 1,15,000. పైకర్చులకు మిగిలేది అయిదు వేలు. ముప్పాతిక లెక్క మరచిపోయినాము. వింటేజి నిబంధన మరచిపోయినాము. మా ఆవిడ ఆజ్ఞ కూడా లీలగానే గుర్తున్నది. బయానాకు తెచ్చిన పదివేలు జేబులోనుండి తీసినాము.

"ఆగరా" అన్నారు నాయన. "ఒక గోనెసంచి పరచు. స్క్రూడ్రైవరు పట్టుకొని క్రింద దూరు. నాకు వంగరాదు." హెరాల్డుకు బాడీ వేరు, క్రింద ఛాసిస్ వేరు. ఛాసిస్‌నుండి ప్రక్కలకు చేతులలాగా వచ్చే ఇనుప పట్టీలమీద బాడీ నిలబడుతుంది. ఏ చోట పొడవాలో పైనుండి ఆయన చెప్పినారు. పొడిచినాము. స్క్రూడ్రైవరు అప్పడంలో దిగినట్టు దిగింది.

"ఎంత పోయిందిరా?"

"పిడిదాకా పోయింది నాయనా."

రెండవ వైపు కూడా పొడవమన్నారు. అటూ అంతే. ఆయన బానెట్టును చప్పుడు కాకుండా దించినారు, నిద్రపోయే బిడ్డమీద దుప్పటి కప్పినట్టు. యజమానికి నమస్కారం చేసి, "బండి బంగారం. నిలబెట్టి చూచుకొనేవారి చేతికి ఇవ్వండి. మేము ఎక్కి తిరిగేవాళ్ళం" అన్నారు.

తిరుగు బస్సులో చాలాసేపు మాటలేదు. పొన్‌మలై కొండమీది గుడి కనబడినప్పుడు మాత్రం, "అది కోడలు చీటీ డబ్బు. నా ముచ్చటకు తుప్పు కొనకూడదు" అన్నారు. మేము కిటికీ బయటికి చూచినాము. నలభై దాటిన కొడుకు తండ్రి చేత ఇంకా లెక్కలు నేర్చుకోవలసి రావటం సిగ్గో అదృష్టమో తేల్చుకోలేకపోయినాము.

రెండు నెలల తరువాత పొల్లాచ్చిలో ఒక రిటైరైన మాస్టరుగారి వద్ద 1994 నాటి పద్మిని దొరికింది. ఒక్కరి చేతి బండి. రంగు వెలిసిపోయి ఉన్నది గాని అయస్కాంతం ఎక్కడా రాలలేదు. రిజిస్ట్రేషన్ 2024లో పునరుద్ధరించినారు, 2029 దాకా చెల్లుతుంది. బేరం 84,000కు కుదిరింది. టైర్లకు 14,000. బ్రేకులకూ గొట్టాలకూ 9,500. పేరు మార్పిడికీ ఇన్సూరెన్సుకూ 5,000. మొత్తం 1,12,500. మిగిలిన 7,500 మా ఆవిడ తిరిగి తీసుకొని, "కారు జ్వరానికి" అని వ్రాసి డబ్బాలో వేసింది. అమ్మాయి ఫీజు ముడి విప్పలేదు.

మొదటిసారి కోయంబత్తూరు బయలుదేరిన రోజు మేము వెనుక తలుపు తెరిచి, "ఇన్నాళ్ళకు యజమానిలాగా కూర్చోండి నాయనా" అన్నాము. ఆయన లోపలికి తొంగిచూచి, తలుపు మూసి, ముందుకు నడిచి డ్రైవరు ప్రక్క సీటులో కూర్చున్నారు.

"వెనుక కూర్చుంటే రోడ్డు కనబడదురా" అన్నారు. దారి పొడుగునా మేము గేరు మార్చినప్పుడల్లా ఆయన ఎడమకాలు క్లచ్చు త్రొక్కుతూనే ఉన్నది.

పాత బండి కొన్న చదువరులెవరైనా ఉంటే తమ లెక్కలూ, పోగొట్టుకొన్నదీ మిగుల్చుకొన్నదీ వ్రాసి పంపండి, ఈ పుటలోనే వేస్తాము. చింతపండు సందేహాలకు జవాబులు వచ్చే నెల.